అక్క కత్తిరించిన కాగితాలు

నాకు చేతిపని రాదు. ఈ మాట బయటికి అనడానికి నాకు నలభై ఏళ్ళు పట్టింది. ముప్పై ఏళ్ళకు పైగా ఎలిమెంటరీ స్కూళ్ళలో టీచరుగా చేసి రిటైరయిన రోజున, పిల్లలు రంగుకాగితాల దండ వేసి, మైకు ముందు నిలబడి, మా టీచరమ్మ చేతిలో కళ ఉంది అని చెబుతుంటే కుర్చీలో కూర్చుని నవ్వుతూ తల ఊపాను. ఆ కళ నాది కాదు. మా అక్కది. దాన్ని ఆమె దగ్గర్నుంచి నేను ఎట్లా లాక్కున్నానో ఇప్పుడు చెబుతాను. వినేవాళ్ళకు ఇదేమంత పెద్ద నేరంగా కనిపించకపోవచ్చు. నాకు ఒళ్ళు మండేది కూడా అందుకే.

డెబ్బైల్లో మేము ఉదయగిరిలో, కొండ వైపు పోయే వీధిలో అద్దెకుండేవాళ్ళం. నాయన ఆత్మకూరు మీదుగా నెల్లూరు పోయే ప్రైవేటు బస్సులో కండక్టరు. అమ్మకు ఉబ్బసం. పొయ్యి దగ్గర కూర్చుంటే పొగకు ఊపిరాడేది కాదు. అందుకని అక్కను ఐదో తరగతితో బడి మాన్పించి పొయ్యి దగ్గర కూర్చోబెట్టారు. మా ఇద్దరికీ ఐదేళ్ళు తేడా. ఆమె బడి మానేసిన సంవత్సరమే నేను బళ్ళో చేరాను. ఆమె పలకే నాకిచ్చారు. దాన్ని ఆమె పగలకుండా దాచుకుంది కాబట్టి కొత్తది కొనే పని తప్పిందని అమ్మ అందరికీ చెప్పుకునేది. అక్క ఏమనుకుందో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

మా ఇంట్లో కొన్న కాగితం ఉండేది కాదు గానీ కాగితానికి మాత్రం కొదవ లేదు. నాయన అయిపోయిన టికెట్ పుస్తకాల మొదళ్ళు సంచిలో వేసుకొచ్చేవాడు. గులాబీ రంగు, ఆకుపచ్చ, పసుపు, వేలెడంత వెడల్పు ముక్కలు. బెల్లం చుట్టిన ఖాకీ కాగితం, సిగరెట్టు పెట్టెల్లోని వెండి కాగితం, బట్టల కొట్టు వాళ్ళిచ్చిన పాత క్యాలెండర్లు, వీధిలో అందరి పెళ్ళిళ్ళ శుభలేఖలు, తెగిపడిన గాలిపటాలు. ఇవన్నీ అక్క ఏరి, చేత్తో సాపు చేసి, పరుపు కింద పెట్టేది. ఆ పరుపు మీద పడుకునేది నేను. పక్కకు తిరిగితే చాలు, చప్పుడయ్యేది.

పక్కిల్లు ఒక దర్జీవాళ్ళది. దర్జీ వాళ్ళమ్మను వీధి పిల్లలమంతా నానీ, అంటే అమ్మమ్మా అని పిలిచేవాళ్ళం. పీర్ల పండుగ దగ్గర పడితే ఆ ఇంట్లో వెదురు బద్దల మీద కాగితం అతికించే పని మొదలయ్యేది. నానీ నేల మీద కాళ్ళు చాపుకుని, రంగు కాగితాన్ని ఎనిమిది మడతలు వేసి, కొడుకు కాజాలకు వాడే చిన్న కత్తెరతో అక్కడక్కడా కొరికి, మడతలు విప్పితే కిటికీ జాలీ వచ్చేది. అక్క గోడ పక్కన నిలబడి చూస్తుంటే ఒకరోజు పిలిచి కత్తెర చేతికిచ్చింది. కత్తెరను తిప్పొద్దు బేటీ, కాగితాన్ని తిప్పు అని చెప్పింది. అంతే, అక్క ఆ పూట నుంచి ఆ ఇంటి మనిషయిపోయింది. నేనూ కూర్చున్నాను. నేను కోసింది విప్పితే రెండు ముక్కలై ఒళ్ళో పడింది. నానీ బోసినోటితో పగలబడి నవ్వి, నీ చేతిలో కత్తెర చూస్తేనే కాగితం ఏడస్తాది, నువ్వు పోయి చదువుకో అంది. నాకు కోపం వచ్చింది. కానీ ఆ ముసలామె చెప్పింది అక్షరాలా నిజం.

జిగురు చెయ్యడం కూడా అక్క అక్కడే నేర్చుకుంది. మైదాను ముందు చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలపాలి. మరిగే నీళ్ళు పోస్తూ తిప్పుతుంటే తెల్లదనం పోయి పలచని గాజు రంగుకొస్తుంది. అప్పుడు దించి, చిటికెడు మైలుతుత్తం పొడి వేస్తే పురుగు పట్టదు. ఎక్కువైతే కాగితం పచ్చబడుతుంది, తక్కువైతే బొద్దింకలు తినిపోతాయి. పలచని గుడ్డలో వడగట్టి ఒక రోజు పక్కన పెట్టాలి. ఇవన్నీ నేను వందసార్లు చూశాను. చూడటం వేరు, రావటం వేరు.

వంటయ్యి, గిన్నెలు కడిగి, అమ్మకు కషాయం ఇచ్చాక అక్కకు పదకొండు నుంచి మూడు దాకా ఖాళీ. ఆ నాలుగు గంటలే ఆమెవి. పాత క్యాలెండరు అట్ట మీద ముక్కలన్నీ పేర్చేది. పేర్చి, అతికించకుండా వదిలేసేది. కదలకుండా వాటి మీద గులకరాళ్ళు పెట్టి, ఊడుస్తూ ఒకసారి, నీళ్ళు తెస్తూ ఒకసారి ఆగి చూసేది. ఒక ముక్కను ఇంతంత జరిపేది. మళ్ళీ పోయేది. ఒక్కో పేజీ పది రోజులు అట్లా నేల మీదే ఉండేది. ఎప్పుడతికిస్తావే తల్లీ, ఇంట్లో నడవటానికి చోటు లేదని అమ్మ గొణిగితే, అతికించినాక మారదు గదమ్మా అనేది. దాటుకుని పోతూ నా కాలు తగిలి ఎన్నిసార్లు చెదిరిపోయాయో లెక్క లేదు. ఒక్కసారి కూడా ఆమె నా మీద చెయ్యెత్తలేదు. రెండు తగిలించి ఉంటే నాకు బాగుండేదేమో.

ఒక పేజీలో మా కొండ ఉండేది. మొత్తం టికెట్ ముక్కలే. కొండను కత్తిరించకూడదే, చించాల అని చెప్పింది. చించితే అంచున తెల్ల నూగు వస్తుంది. ఆకుపచ్చ ముక్కల్ని అట్లా చించి ఒకదాని మీద ఒకటి అతికిస్తే, తెల్లవారుజామున మంచు దిగిన కొండే. ఇంకో పేజీలో వీధి పెళ్ళి, అంతా శుభలేఖల ముక్కలతో. పందిట్లో కూర్చున్న ఆడవాళ్ళకు ముఖాలు పెట్టలేదు, వట్టి చీరల రంగులు. అయినా ఎవరెవరో గుర్తుపట్టేసి వీధి వాళ్ళు వేలు పెట్టి చూపించుకున్నారు. ఇంకో పేజీ తెరిస్తే బస్సు లేచి నిలబడేది. పేజీ మూస్తే పడుకునేది. నాయన తలుపు దగ్గర వేలాడుతూ ఉండేవాడు, ఖాకీ కాగితం చొక్కాతో. నాయన దాన్ని చూసి ఒక మాట కూడా అనలేదు గానీ, డ్రైవరును, క్లీనరును ఇంటికి తీసుకొచ్చి చూపించాడు. ఎనిమిదేళ్ళలో అట్లాంటివి పాతిక పేజీల దాకా తయారయ్యాయి. ఒక అట్టపెట్టెలో విడివిడిగా ఉండేవి.

ఎనభయ్యో సంవత్సరం దాటాక, అమ్మకు ఆస్పత్రి దగ్గరగా ఉండాలని ఆత్మకూరుకు మారాం. నానీ ఉదయగిరిలోనే ఉండిపోయింది. నాకు టీచరు ట్రైనింగులో సీటు వచ్చి, హాస్టల్లో చేరాను.

ట్రైనింగులో క్రాఫ్టు ఒక సబ్జెక్టు. చివర్లో కాగితపు పని ఆల్బం ఒకటి పెట్టాలి. మడవటం, కత్తిరించటం, చించటం, అతికించటం, అన్నీ ఉండాలి. మా బ్యాచిలో దాన్ని సొంతంగా చేసినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఒకామెకు మేనమామ చేసిచ్చాడు, ఇంకొకామె సీనియరు దగ్గర తీసుకుంది. అది తప్పని ఎవరూ అనుకోలేదు. మన పని కాకపోయినా మన పేరుండాలి, అంతే. అత్త సొమ్ము అల్లుడి దానం అని ఊరికే అన్నారా.

సెలవులకొచ్చి డ్రాయింగ్ షీట్లు నేల మీద పరుచుకుని రెండు రోజులు కుస్తీ పట్టాను. నాలుగు షీట్లు పాడయ్యాయి. మూడో రోజు అక్క చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, నేను చేసిన పనిని కాసేపు చూసింది. నవ్వలేదు. లోపలికి పోయి అట్టపెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. నేను అడగలేదు. ఆమె ఇస్తుందని మాత్రం తెలుసు. అడగకుండానే ఇచ్చే మనుషుల దగ్గర ఆ సౌకర్యం ఉంటుంది, అడిగామన్న అప్రతిష్ట రాదు.

“ఇయి తీసకపోవే. పరీక్ష అయినాక నాయి నాకు తెచ్చియ్యి” అంది.

పేజీలన్నీ తనే సూదీదారంతో కుట్టింది. అట్ట వేసింది. ప్రతి పేజీ కింద అభ్యర్థి పేరు, నంబరు ఇంకుతో రాయాలని రూలు. నేను రాస్తుంటే పేజీ లేవకుండా రెండు చేతులతో అదిమిపట్టుకుంది. రాసిన ప్రతి పేరూ ఆరేదాకా ఊదింది. బస్సు పేజీ కింద, కొండ పేజీ కింద, అన్నింటి కిందా నా పేరే. నీ అక్షరాలు గుండ్రంగా బలే ఉండాయే అంది. ఈ సంగతి తల్చుకుంటే నాకిప్పటికీ అన్నం సహించదు.

పరీక్షకు బయటినుంచి ఒకాయన వచ్చాడు. ఒకరి ఆల్బం వచ్చే ఏడు ఇంకొకరు పెట్టకుండా ప్రతి పేజీ మీద సంతకం చేసి ఊదారంగు సీలు వేస్తారు. కొండ మీద సీలు పడింది. పెళ్ళి పందిట్లో ఆడవాళ్ళ చీరల మీద పడింది. బస్సు పేజీని ఆయన నాలుగుసార్లు తెరిచి మూశాడు. నువ్వే చేశావా అమ్మాయీ అన్నాడు. అవునండీ అన్నాను. ఆ అబద్ధం నా నోటికి ఏమాత్రం అడ్డం పడలేదు. క్రాఫ్టులో నాకే ఫస్టు వచ్చింది. ఆల్బం తెచ్చి అక్క చేతికిచ్చినప్పుడు ఆమె సీళ్ళను గోటితో గీకి చూసింది. పోవు అని తెలిశాక పెట్టెలో పెట్టుకుంది.

నా ట్రైనింగ్ అయిపోయి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో ఆత్మకూరులో ఒక పెద్దింటి ఆవిడ ఆడపిల్లల కోసం కుట్టు కేంద్రం పెట్టింది. కుట్టు నేర్పించే ఆమె ఉంది, కాగితపు పని, పూల పని నేర్పించడానికి ఒక మనిషి కావాలి. చదువు లేకపోయినా ఫర్వాలేదు, పని చూపిస్తే చాలంది. ఆవిడ మా నాయన పనిచేసే బస్సెక్కి ఎవరితోనో చెబుతుంటే నాయన విని, మా పెద్దపిల్ల ఉండాదమ్మా అని చెప్పి వచ్చాడు.

అప్పటికి అక్కకు ఇరవై ఐదు దాటాయి. పుట్టిన తర్వాత ఆమె ఫలానాది కావాలని అడగటం నేను చూడలేదు. ఆ రోజు అన్నం వడ్డిస్తూ, నేను పోతా నాయనా అంది. ఎవరో కాదంటారేమోనని మళ్ళీ తనే, పొద్దున వంట చేసిపెట్టే పోతా అంది. అమ్మ మంచంలో లేచి కూర్చుని, పొమ్మనండి, దాని చేతులు నా పొయ్యికే సరిపోయినాయి, ఇకనన్నా దాని పని అది చేసుకోనీండి అని ఆయాసపడుతూ చెప్పింది. అమ్మ అంత పొడుగు మాట చెప్పడం అరుదు.

చూపించడానికి ఆమె దగ్గర ఉన్నది ఆ ఆల్బం ఒక్కటే. ఆత్మకూరుకు వచ్చాక, అమ్మ జబ్బు ముదిరాక, కొత్తగా ఏమీ చేయలేదు. నాయనకు డ్యూటీ, కాబట్టి తోడు నేను వెళ్ళాను. అక్క నా ఆకుపచ్చ చీర కట్టుకుంది. దారిలో నాకు భయం పట్టుకుంది. ఎందుకంటే ఆవిడ భర్త మాట పంచాయతీ సమితిలో చెల్లుతుంది. టీచరు పోస్టుల లిస్టు ఆయన చేతి మీదుగా పోతుందని ఊరంతా చెప్పుకుంటారు. నా అప్లికేషను పట్టుకుని నాయన అంతకు ముందు వారమే ఆయన్ను కలిసొచ్చాడు. ఈ ఆల్బం నాది కాదని ఆ ఇంట్లో తెలిస్తే నా సర్టిఫికెట్టు సంగతేంది? ఉద్యోగం సంగతేంది? ముందు నుయ్యి, వెనక గొయ్యి. అందుకే, రెండు రోజులాగి కొత్తగా ఏదన్నా చేసి తీసుకుపోదామా అక్కా అన్నాను.

“ఉండేది పెట్టుకోని కొత్తదెందుకు? పేరు నీదైతే ఏమైంది, నువ్వు పక్కనే ఉండావు గదా, చెప్తావు” అంది.

నిష్ఠూరంగా కాదు. నమ్మకంగా అంది. నేను తలొంచుకుని నడిచాను.

ఆవిడ మంచి మనిషే. ఆ మాట చెప్పి తీరాలి. కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించింది. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో పేజీ తిప్పింది. బస్సు పేజీ దగ్గర అబ్బా అని, లోపలున్న పిల్లల్ని కేకేసి పిలిచింది. కుట్టు మిషన్ల దగ్గర్నుంచి పదిమంది ఆడపిల్లలు వచ్చి చుట్టూ మూగారు. అక్క ముఖం చూశాను. ఆ ముఖం నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. తనకున్నది ఎవరో పైకి తీసి అందరికీ చూపిస్తుంటే సిగ్గుపడుతూ, సిగ్గు పడొద్దనుకుంటూ ఉంది.

అప్పుడు ఆవిడ పేజీ కింద చూసింది. పేరు ఎవరిదని అడిగింది. మా చెల్లెలిదమ్మా, చేసింది నేను అని అక్క చెప్పింది. ఆవిడ కళ్ళజోడు తీసి నా వైపు తిరిగింది. అడగటంలో కోపం లేదు, ఊరికే తెలుసుకుందామని అడిగింది. గవర్నమెంటు సీలుంది, పరీక్షకు పెట్టినట్టుంది, నీది కానిది నువ్వెట్లా పెట్టావు అంది. వసారాలో ఆయన ఎవరితోనో మాట్లాడుతున్న గొంతు వినబడుతూనే ఉంది. పిల్లలంతా నన్నే చూస్తున్నారు. అక్క కూడా చూస్తోంది. చెప్తానని చూస్తోంది.

“నేనే చేసినాను మేడమ్. మా అక్క జిగురు కలిపిచ్చింది” అన్నాను.

ఉన్నదున్నట్టు రాశాను. ఒక్క మాట మార్చలేదు. నేనే చేశానని చెప్పి ఊరుకోవచ్చు కదా, లేదు. జిగురు కలిపిందని ఒక ముక్క నిజం దాని పక్కన అతికించాను. ఉత్త అబద్ధమైతే ఎవరికైనా అనుమానం వచ్చేదేమో. దానివల్ల నా అబద్ధం ఇంకా గట్టిగా నిలబడింది.

అక్కడ బల్ల మీద కత్తెర ఉంది. రంగు కాగితాల కట్ట ఉంది. కాగితం మడిచి నాలుగు కోతలు కోస్తే చాలు, అయిదు నిమిషాల్లో నా బండారం బయటపడేది. అక్క కత్తెర వైపు చూసింది. నేనూ చూశాను. ఆమె చూడటం నేను చూశానని ఆమెకు తెలుసు. తేలు కుట్టిన దొంగలా నేను కూర్చున్నాను. ఆమె చేతులు ఒళ్ళోనే పెట్టుకుంది. ఒక చేతిని ఇంకో చేత్తో పట్టుకుంది.

ఆవిడ అక్క వైపు తిరిగి, తిట్టకుండా, బుజ్జగించినట్టే చెప్పింది. ఆశ ఉంటుందిలేమ్మా, కానీ అబద్ధమెందుకు, ఇంట్లోనే ఇంత పనిమంతురాలుంది, చెల్లెలి దగ్గర కూర్చుని నేర్చుకోరాదా అంది. పిల్లల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. అక్క సరేనమ్మా అంది.

ఇంకా అయిపోలేదు. ఉద్యోగం వచ్చేదాకా ఆదివారాలు నువ్వొచ్చి మా పిల్లలకు నేర్పించు అని ఆవిడ నన్ను అడిగింది. వస్తానన్నాను. ఈ ఆల్బం అద్దాల బీరువాలో పెడతాను, పిల్లలు చూసుకుంటారు, ఉంచనా అని అడిగింది. ఉంచుకోండి మేడమ్ అన్నాను. ఎవరిదో సొమ్ము ఎంత తేలిగ్గా ఇచ్చేశానో చూడండి. అక్క ఆ మాట కూడా విన్నది.

తిరిగొచ్చేటప్పుడు తిడుతుందేమోనని ప్రతి అడుగూ ఎదురుచూశాను. బజారులో ఆగి వంకాయలు తీసుకుంది. పుచ్చులున్నాయని రెండు తీసి పక్కన పెట్టించింది. ఇంటికి రాగానే అమ్మ మంచం మీంచే, ఏమయింది, తీసుకున్నారా అని అడిగింది. చదువుకున్నోళ్ళు కావాలంటమ్మా అని చెప్పి అక్క పొయ్యి దగ్గరికి పోయింది. అమ్మ మొహం వాడిపోయింది. నాయన ఆ రోజు రాగానే అడిగితే అదే మాట చెప్పింది. మరి చదువక్కర్లేదని ఆమే చెప్పిందే అని నాయన చాలా రోజులు తనలో తను అనుకునేవాడు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. నేను చించుకోలేదు. అక్క కప్పిపెట్టింది కాబట్టి నాకు చించుకునే అవసరం రాలేదు.

మొదటి ఆదివారం క్లాసులో నా గతి ఏమయ్యిందో చెప్పక్కర్లేదు. ఎనిమిది మడతలు వేసి కోస్తే, చిన్నప్పటిలాగే ముక్కలై రాలింది. కత్తెర మొద్దుదని చెప్పాను. ఇంటికొచ్చి, సిగ్గు చంపుకుని అక్క దగ్గర కూర్చున్నాను. జాలీ ఎట్లా కోయాలో ఒకసారి చూపించమన్నాను. ఆమె పిండి పిసుకుతోంది.

“నాకేం తెల్సే కోయటం. జిగురు కలిపిస్తా, తీసకపో” అంది.

కలిపిచ్చింది కూడా. నన్ను పొడవటానికి అన్న మాటే అయినా, ఆ మాట తప్పలేదు. ప్రతి శనివారం మైదా ఉడికించి, సరిగ్గా ఎంత వెయ్యాలో అంత మైలుతుత్తం వేసి, గుడ్డలో వడగట్టి, డబ్బాలో పోసి, మూతికి గుడ్డ కట్టి గూట్లో పెట్టేది. ఎనిమిది నెలలు. ఒక్క వారం మానలేదు, ఒక్కసారి ఉండ కట్టలేదు. జిగురు చాలా బాగుందని ఆ పిల్లలు నన్ను మెచ్చుకునేవాళ్ళు. బీరువాలోని ఆల్బం చూసి ఏదో నాలుగు రకాలు బండగా నేర్చుకుని, వాళ్ళకు నేర్పించి గట్టెక్కాను. తర్వాత ఉద్యోగంలో ముప్పై ఏళ్ళూ ఆ నాలుగు రకాలతోనే నెట్టుకొచ్చాను.

అక్క మళ్ళీ కాగితం మీద కత్తెర పెట్టలేదు. నాయన అలవాటు కొద్దీ టికెట్ మొదళ్ళు తెచ్చేవాడు. ఆమె వాటిని పొయ్యి రాజెయ్యటానికి వాడింది. ఒకరోజు నాకు తిక్క రేగింది. ఎందుకు తగలబెడతావు, నా మీద కోపమైతే నన్ను కొట్టు అని అరిచాను. పొయ్యి రాజుకోవాల గదే అని, ఇంకో గుప్పెడు వేసింది. గులాబీవి, ఆకుపచ్చవి అన్నీ కలిపి వేసింది.

ఏడాది తిరక్కుండా నాకు మర్రిపాడు వైపు పోస్టింగు వచ్చింది. అక్కను కలువాయి దగ్గర పల్లెకు ఇచ్చారు. బావ సేద్యం మనిషి, నెమ్మదస్తుడు. ఆమె పిల్లలు జూన్‌లో కొత్త పుస్తకాలకు అట్టలు వేయమంటే ఆమె వేసేది కాదు. మీ పిన్నమ్మ టీచరు, ఆమెకు బాగా వచ్చు అని నా దగ్గరికి పంపేది. నేను వేసిన అట్టలు నెల తిరక్కుండా మూలలు విప్పుకునేవి. పిల్లలు వాటిని ఆమెకు చూపించేవాళ్ళని నాకు తెలుసు.

ఎనభైల చివర్లో కుట్టు కేంద్రం మూతపడింది. ఆల్బం కోసం ఒకసారి వెళ్ళాను. బీరువా లేదు. సామానంతా ఎవరెవరో తీసుకుపోయారు, ఎవరికీ తెలియదన్నారు. నేను గట్టిగా అడగలేదు. నిజం చెప్పాలంటే, దొరుకుతుందేమోనని భయపడ్డాను. దొరికితే దాన్ని తీసుకెళ్ళి ఎవరి చేతికివ్వాలి?

మొన్న కలువాయి వెళ్ళినప్పుడు అక్క వసారాలో చేటలో బియ్యం ఏరుతూ ఉంది. ఇప్పుడు ఆమెకు చూపు తగ్గింది, రాయికీ గింజకూ తేడా వేలితో తెలుసుకుంటుంది. ఇదంతా రాస్తున్నానని చెప్పాను. క్షమించమని అడగాలని పోయాను, ఆ మాట నోరు దాటలేదు. ఆమె ఏరుతూనే ఉంది. జిగురు మాట కూడా రాస్తావా అని అడిగింది. రాస్తానన్నాను. ఆ పిల్ల నవ్విందే, అది కూడానా అంది. అది కూడా అన్నాను. నలభై ఏళ్ళుగా ఆ నవ్వు ఆమె చెవిలో ఉందని నాకప్పుడు తెలిసింది.

చేట పక్కన పెట్టి, నా వైపు కాకుండా వాకిలి వైపు చూస్తూ చెప్పింది.

“రాసుకో. నా పేరు మాత్రం పెట్టబాక. పెట్టాల్సిన చోట పెట్టలా. ఇప్పుడెందుకు నాకు.”

ఇందులో ఆమె పేరు లేదు.